జానెడు మీద నాలుగు వేళ్ళు

అన్నపూర్ణమ్మకు అనుమానం మధ్యలో వచ్చింది కాదు, కాపురానికి వచ్చిననాడు ట్రంకుపెట్టెతో పాటు తెచ్చుకున్నదే. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనేది. నవ్వకపోతే, కలిపినందుకు బెంగ పెట్టుకున్నాడనేది. పాలకొల్లు బజారు వీధిలో ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. కొట్లో కూర్చునే భర్త కాశీవిశ్వనాథం ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఆరాలకు జవాబులు చెప్పీ చెప్పీ, చివరికి తల ఊపడంతో సరిపెట్టుకుంటున్నాడు.

ఎనభై ఒకటిలో అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. పొడవాటి ఇంటిని నిలువునా రెండు చేసే నడిమి గోడ అడుగున్నర మందం. అందులో సగం అన్నది, సగం తమ్ముడు గున్నేశ్వరరావుది అని పెద్దమనుషులు కాగితం రాశారు. కాగితం చదవడం అయ్యాక అన్నపూర్ణమ్మ లేచి, "నా వాటాలోది వేలెడు పోయినా ఊరుకోను. ఇక్కడ ఎవరి చేతివాటం ఎలాంటిదో నాకు తెలుసు" అంది, మరిది ముఖమే చూస్తూ. తోడికోడలు రమాదేవి ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. అంతే, ఏడాదిగా రెండిళ్ళకూ మాటల్లేవు.

స్నానాలగది అవతలి వాటాలోకి పోయింది. అన్నపూర్ణమ్మకు మిగిలిన వంటిల్లు ఏడడుగులు పొడవు, ఆరడుగులు వెడల్పు. అందులోనే కొత్త గ్యాస్ పొయ్యి, సిలిండరు, బియ్యం డ్రమ్ము, అన్నిటికీ మించి అత్తగారి ఆవకాయ జాడీ. పొట్ట దగ్గర ఇంచుమించు అడుగు వెడల్పుండే ఆ జాడీ నేల మీదే ఉండేది. దానికి తగిలి ఆవిడ కాలి బొటనవేలు రెండుసార్లు చితికింది. అయినా అత్తగారు తన చేతికిచ్చి పోయిన జాడీని అటక ఎక్కించడానికి మనసొప్పలేదు. ఇరుకు ఇళ్ళు సర్దడంలో పేరున్న తాపీమేస్త్రి చిట్టియ్యను పిలిపించారు.

చిట్టియ్య రెండు రోజులు తాపీ ముట్టలేదు. గుమ్మంలో కూర్చుని ఆవిడ వంట చేస్తుంటే చూశాడు. ఎన్నిసార్లు వంగుతోంది, ఎటు తిరుగుతోంది అని సుద్దముక్కతో గచ్చు మీద గీతలు గీశాడు. ఆవిడకు ఒళ్ళు మండింది.

"అమ్మగారండి, ఓసారి మోచెయ్యి వంచండి" అన్నాడు మూడో రోజు.

"నా మోచేతితో నీకేం పని?"

"పొయ్యిగట్టు ఎత్తు దాన్నిబట్టే కట్టాలండి. ఎక్కువైతే భుజం లాగేస్తాదండి, తక్కువైతే నడుం పోద్దండి."

నాలుగో రోజు గిన్నెలన్నీ పెరట్లో పెట్టించాడు. రోజూ వాడేవి, నెలకోసారి తీసేవి, పెళ్ళిళ్ళకు తప్ప దించనివి అని మూడు కుప్పలు వేయించి, మూడో కుప్పను అటక మీదికి పంపాడు. ఇత్తడి సామానంతా ఎండలో పరిపించి చూస్తున్నాడంటే ఏదో ఉందని ఆవిడ దాన్ని రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఒక్క గరిట కూడా పోలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

మెట్ల కింద స్నానాలగది లేచింది. కప్పు కిందికి దిగే మూల ఎవరూ నిలబడలేరు కనుక అక్కడ నీళ్ళతొట్టి కట్టాడు, ఎత్తున్న వైపు మనిషికి వదిలాడు. తలుపు లోపలికి తెరిస్తే సగం గది అదే తినేస్తుందని బయటికి పెట్టాడు. బయటివాళ్ళు లాగేస్తే ఏమిటని ఆవిడ లోపలికి వెళ్ళి గడియ మూడుసార్లు వేసి చూసుకుంది. వంటింట్లో గట్టు కింద సిలిండరు, డ్రమ్ము ఇమిడిపోయాయి. కూరలు తరగడానికి కిటికీ పక్క మడతబల్ల బిగించాడు, పని అయ్యాక గోడకు ఆనించేయొచ్చు. ఇక మిగిలినవి నడిమి గోడలో తొలిచే గూళ్ళు. తమ సగం దాకా, అంటే జానెడు లోతు.

ఆ గూళ్ళు మొదలుపెట్టే మధ్యాహ్నమే ఆవిడ కళ్ళారా చూసింది. చిట్టియ్య గున్నేశ్వరరావు గుమ్మంలోంచి మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. అక్కడ టీ తాగాడు! ఇంకేం కావాలి? గూళ్ళు రెండంగుళాలు తక్కువ తొలిచి, గోడంతా వాళ్ళకే మిగిల్చే ఏర్పాటన్నమాట. కొట్లోంచి నూలుతాడు తెప్పించి, పెరటి కొసన నడిమి గోడ మందం కొలిచి, సగానికి మడిచి ముడి వేసింది. కాస్త అదనంగా వదిలి తెంపి, బొడ్లో దోపుకుంది.

పని ముగించి చిట్టియ్య వేరే ఊరి పనికి వెళ్ళిపోయిన రోజు తాడు తీసింది. కొస గూటి లోపలి గోడకు ఆనిస్తే ముడి సరిగ్గా గోడ అంచుకు రావాలి. పై గూళ్ళన్నిట్లో వచ్చింది. జాడీ పెట్టిన కింది గూట్లో మాత్రం ముడి నాలుగు వేళ్ళు లోపలే ఉండిపోయింది. మళ్ళీ కొలిచింది. సందేహం లేదు. వేలెడు పోవడం కాదు, మరిది వాటాలోంచి నాలుగు వేళ్ళు తనకొచ్చేశాయి.

చెప్పేస్తే ముడి అంచుకొచ్చేదాకా ఆ గూడు పూడ్చాలి. జాడీ మళ్ళీ నేల మీదికి, దారికడ్డంగా. అన్నపూర్ణమ్మ తాడు చుట్టచుట్టి ఉప్పుడబ్బా వెనక పెట్టేసి, భర్తకు కూడా చెప్పకుండా ఊరుకుంది.

తొమ్మిది రోజులు ఊరుకుంది కానీ సుఖపడలేదు. అవతల ఎవరైనా నవ్వితే చెవి గోడకు ఆనించేది. మరిది వీధిలో ఎదురైతే, ఎప్పుడూ ఆవిడే గుచ్చి గుచ్చి చూసేది కాస్తా, కొంగు సర్దుకునే నెపంతో తల దించుకునేది. ఇన్నేళ్ళలో తనను తాను అనుమానించాల్సి రావడం ఆవిడకు ఇదే మొదలు. పరమ అసహ్యంగా ఉంది.

పదో రోజు పొద్దున గోడ అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. గూట్లో మట్టి పొడి రాలింది. అవతలిప్పుడు గోడ పలచన, మేకు దిగితే జాడీ బద్దలవుతుంది, దొంగతనం బయటపడుతుంది. జాడీని రెండు చేతులా ఎత్తి గట్టు మీద పెట్టి, ఏడాదిగా తొక్కని ఆ గుమ్మంలోకి పరుగెత్తింది.

రమాదేవి స్టూలెక్కి క్యాలెండరుకు మేకు కొడుతోంది.

"ఆపవే రమా! అక్కడ గోడ లేదు. మేస్త్రి మీ వాటాలోకి నాలుగు వేళ్ళు తొలిచేశాడు. నేను చూసి కూడా నోరు మూసుకున్నాను."

రమాదేవి స్టూలు దిగింది. "మాకు తెలుసక్కా. అందుకే మేకు ఇటు జరిపి కొడుతున్నాను."

"తెలుసా?"

"జానెడు లోతులో అత్తయ్యగారి జాడీ పట్టదని చిట్టియ్య వచ్చి అడిగాడు. మీ మరిదిగారు కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఎంత కావాలంటే అంత తవ్వుకోమన్నారు. మీతో చెప్పొద్దని మేమే అన్నాం."

"ఏం? చెబితే ఏమయ్యేది?"

రమాదేవి సుత్తి స్టూలు మీద పెట్టింది. "ఎందుకిస్తున్నారో అనుకుని గూడే వద్దనేవారండి మీరు."

ఏడాది క్రితం వరకూ నువ్వు అని పిలిచిన పిల్ల మీరు అంటోంది. అన్నపూర్ణమ్మ సిగ్గుతో ముఖం కందిపోయి, ఉన్నపళంగా తన ఇంటికొచ్చేసింది.

అరగంట తర్వాత గిన్నెడు ఆవకాయ అవతలికి వెళ్ళింది, ఆవిడే తీసుకెళ్ళి ఇచ్చింది. తిరిగొచ్చి జాడీ మూతికి గుడ్డ కప్పి, వాసెన కట్టడానికి ఉప్పుడబ్బా వెనక తాడు తీసింది. ముడి ఉన్నంతసేపూ కొసలు కలవలేదు. పళ్ళతో లాగి ముడి విప్పాక సరిపోయింది. రెండు చేతులా జాడీని ఎత్తి గూట్లో, గోడకు తగిలేదాకా లోపలికి నెట్టింది.