పెద్దమ్మ మొహాన మంగు

మా పెద్దమ్మ భారతమ్మ అందగత్తె అని నేను చెప్పను. చామనఛాయ, కోల మొహం, నవ్వితే పన్ను మీద పన్ను కనబడేది. కానీ చర్మం మాత్రం నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉండేది. మా ఊరు వేంసూరులో ఆడవాళ్ళు ఆమె చెంప తాకి మరీ "ఏం రాస్తావే భారతీ?" అని అడిగేవాళ్ళు. పెసరపిండి తప్ప ఆమె ఏదీ రాసి ఎరగదు. నలభై దగ్గర పడుతున్నప్పుడు ఆ చెంపల మీదే మంగు వచ్చింది.

మంగు దొంగలా వస్తుంది. ముందు ముక్కు పక్కన మసి అంటుకున్నట్టు కనబడుతుంది, కడిగితే పోతుందిలే అనుకుంటాం. కడిగిన కొద్దీ నల్లబడి రెండు చెంపలూ ఆక్రమిస్తుంది. పెద్దమ్మ జాజికాయ పాలతో అరగదీసి పట్టించింది. ఎర్రచందనం పూసింది. అశ్వారావుపేట అడవి వైపు నుంచి వచ్చే తేనె రాసింది. అది కదల్లేదు.

ఒళ్ళు నొప్పి పెట్టే జబ్బు కాదు కాబట్టి ఊరుకోవచ్చు. మా నాయనమ్మ పున్నమ్మ ఊరుకోనిస్తేగా! మా తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని స్థిరపడ్డారు. వాళ్ళతో పాటు వచ్చిన పంచాంగాలూ శకునాలూ అన్నీ నాయనమ్మ కొంగున కట్టుకుని కూర్చునేది. ఏలినాటి శనిలో ఒక భాగాన్ని మంగు శని అంటారు. ఆ మంగుకీ చెంప మీది మంగుకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మాట ఒకటైతే చాలు, నాయనమ్మ చుట్టరికం కలిపేసేది.

ఆ ఏడు మా మిరపతోటకు బొబ్బర తెగులు వచ్చింది. పాడిగేదె ఈనలేక చచ్చిపోయింది. నాయనమ్మకి రెండింటికీ కారణం పెద్దకోడలి చెంపల మీద కనబడింది.

"శని ఇంట్లోకి రావాలంటే గుమ్మం తొక్కాలా ఏంది? ఇట్టా మొహం మీద ముద్రేసుకుని వచ్చుద్ది" అనేది, పెద్దమ్మ వినేట్టుగా.

పెదనాన్న చెంచురామయ్య తల్లి ముందు నోరెత్తే మనిషి కాదు. కంచం ముందు తల వంచుకుని తినేసి చేనుకి పోయేవాడు. పెద్దమ్మకి పిల్లలు లేరు. నన్నూ మా తమ్ముణ్ణీ ఒళ్ళో వేసుకుని పెంచింది ఆమే.

మా మేనత్త కూతురి పెళ్ళికి మా ఇంట్లోనే పసుపు దంచే రోజు వచ్చింది. ఇంటి పెద్దకోడలు మొదటి పోటు వెయ్యాలి. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని రోకలి మీద చెయ్యి వేసింది. ఊళ్ళోని ముత్తైదువలంతా చూస్తుండగా నాయనమ్మ ఆ చెయ్యి పక్కకి తీసింది.

"నువ్వు తర్వాత పట్టుకుందువులే. ముందు చిన్నదాన్ని పట్టనీ."

చిన్నది అంటే మా అమ్మ. అమ్మకి రోకలి పట్టుకోక తప్పలేదు. పెద్దమ్మ నవ్వుతూనే పక్కకి జరిగింది. ఆ నవ్వు చూడలేక నేను పెరట్లోకి పోయాను.

అది 1986. అప్పుడు నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. పెళ్ళయిన వారం తిరక్కుండానే పెద్దమ్మ బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

"హైమా, పట్నం ఆడవాళ్ళు మొహానికి ఏదో చేయించుకుంటారంట గదా! అదెక్కడో నీకు తెలుసా?"

నాకు తెలుసు. మా కాలేజీకి వెళ్ళే దారిలో ఒక ఇంటి ముందు గదికి లేడీస్ బ్యూటీ పార్లర్ అని బోర్డు ఉండేది. లోపలికి వెళ్ళే అమ్మాయిల్ని చూసి మేం మూతి విరిచేవాళ్ళం. పనీపాటా లేని సోకులని నా అభిప్రాయం. అయినా పెద్దమ్మ అడిగితే కాదనగలనా?

పార్లరు నడిపే ప్రమీలారాణి హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చిన ఖమ్మం మనిషి. పెద్దమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, దీపం దగ్గరికి లాగి, చెంపలు వేళ్ళతో సాగదీసి చూసింది.

"ఎన్నేండ్ల సంది ఉందమ్మా?"

"రెండేళ్ళు దాటింది. పోతదా?"

"మొత్తం పోతదని నేను చెప్ప. తగ్గుతది. కానీ నువ్వు ఎండల తిరగొద్దు."

పెద్దమ్మకి నవ్వొచ్చింది. "వ్యవసాయం ఇంటిదాన్ని తల్లీ. ఎండలో తిరగొద్దంటే కూడెవరు పెడతారు?"

"గట్లయితే కొంగు నెత్తి మీదికెల్లి చెంపల మీదికి గుంజుకో. నేను చేసేది సగం, నీ కొంగు చేసేది సగం. యాదికుంచుకో."

ఆవిరి పట్టినప్పుడు పెద్దమ్మ బెదిరి నా చెయ్యి పట్టుకుంది. తర్వాత ప్రమీలారాణి ఏదో క్రీము రాసి నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. కాసేపటికి చూస్తే పెద్దమ్మ మూసిన కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"మంట పుడుతున్నదా?" అని ప్రమీలారాణి చెయ్యి ఆపింది.

"లేదమ్మా. మా అమ్మ పోయినాక నా మొహం ఎవరూ ముట్టుకోలేదు. అంతే. నువ్వు కానియ్."

సోకుల మీద నా చిన్నచూపు ఆ పూటతో పోయింది.

తర్వాత నెలకోసారి వచ్చేది. ఇంట్లో పన్ను నొప్పి అని చెప్పేది. మొహానికి పూత పూసుకుని, కళ్ళ మీద కీరాముక్కలు పెట్టుకుని పడుకున్న పెద్దమ్మని చూసి నేను, "నాయనమ్మ చూస్తే శని గుర్తుపట్టక తిరిగి వెళ్ళిపోయిందనుకుంటుంది" అనేదాన్ని. నవ్వితే పూత పగులుతుందని ఆమె నా తొడ మీద గిల్లేది. చేనుకి పోయేటప్పుడు కొంగు చెంపల మీదికి లాక్కుని కళ్ళు మాత్రం కనబడేట్టు నడిచేది. మిరపకాయల ఘాటు పడటం లేదని అడిగినవాళ్ళకి చెప్పేది. చలికాలం వచ్చేసరికి మంగు బాగా పలచబడింది. దగ్గరికి వస్తే తప్ప కనబడదు.

నేను సెలవులకి ఇంటికొచ్చిన రోజు పెదనాన్న అన్నం తింటూ తలెత్తి పెద్దమ్మ మొహం వైపు చూశాడు.

"పన్ను వైద్యం బాగా కుదిరినట్టుందే" అన్నాడు.

పెద్దమ్మ కూర గిన్నె తీసుకుని గబగబా లోపలికి పోయింది. సిగ్గు పడ్డదని నేను నవ్వుకున్నాను.

మరుసటి వానాకాలం పెదనాన్న చేలో మోటారు వెయ్యబోయి షాకు కొట్టి చనిపోయాడు. స్టార్టరు డబ్బాలో వైరు తోలు ఊడి ఉందని, డబ్బా అంతా తడిసి ఉందని చూసినవాళ్ళు చెప్పారు.

పరామర్శకి వచ్చిన చుట్టమొకావిడ మాటల్లో మాటగా, భారతమ్మని ఖమ్మంలో పార్లరు మెట్ల మీద చూశానని చెప్పింది. నాయనమ్మ ఏడుపు ఆపి వింది. కొడుకు పోయిన తల్లి, ఆమె దుఃఖాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అప్పుడు ఆమె అన్న మాటని మాత్రం క్షమించను.

"మొహాన కూర్చున్న శని ఎవరి జోలికీ పోకుండా అక్కడే ఉంది. ఈ మహాతల్లి పట్నం పోయి కడిగించుకొచ్చింది. దానికి చోటు లేక నా కొడుకు మీద పడింది."

మంగు ఉంటే శని, పోతే శని. ఆడది ఏ మొహం పెట్టుకుని బతకాలి? చంపింది కరెంటు అని నేను అందరి ముందూ అరిచాను. మా నాన్న నన్ను రెక్క పట్టుకుని గదిలోకి లాక్కుపోయాడు. నా అరుపుల వల్ల ఒరిగిందేమీ లేదు. ఎందుకంటే నాయనమ్మ మాటని పెద్దమ్మ నమ్మింది.

పెద్దమ్మ చేనుకి పోవడం మానలేదు, కొంగు కప్పుకోవడం మానేసింది. మిట్టమధ్యాహ్నం మిరపతోటలో మొహం ఎత్తి నిలబడేది. కాయ కోతకి అడవి ఊళ్ళ నుంచి వచ్చే కూలీల ముఠాకి పెద్ద నాగక్క. ఆమె చూడలేక కోప్పడింది.

"ఎవల మీద కోపమమ్మా, గిట్ల ఎండల నిలబడతవు? కొంగన్నా కప్పుకోరాదా?"

పెద్దమ్మ వినలేదు. ఏడాది తిరిగేసరికి మంగు మళ్ళీ వచ్చింది. ఈసారి మునుపటి కంటే నల్లగా, నుదుటి దాకా పాకింది. ఒకనాడు ఆమె అద్దంలో దాన్ని పరీక్షగా చూసుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది తిరిగొస్తే పెదనాన్న తిరిగొస్తాడా?"

"రాడే. నాకు తెలియదా?" అంది అద్దం దించి. "కానీ ఇది నా మొహాన ఉన్నన్నాళ్ళూ మీ నాన్న మీదికి, మీ తమ్ముడి మీదికి పోదు గదా! ఉండనీ. నాకేం బరువు?"

మమ్మల్ని కాపాడుతున్నాననుకుంటూ ఆ మనిషి ఏళ్ళ తరబడి ఎండకి మొహం అప్పజెప్పింది. నాయనమ్మ కాలం చేశాక కూడా మానలేదు. అన్నామె పోయినా ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది.

నాకు పెళ్ళయి పినపాకలో కాపురం పెట్టాను. 1995లో రెండో కాన్పుకి వేంసూరు వచ్చినప్పుడు నా చెంపల మీద కూడా ఆ మసి మొదలైంది. కాన్పయి పిల్లకి మూడో నెల వచ్చినా పోలేదు. ఒక పొద్దున పిల్లకి పాలిస్తుంటే పెద్దమ్మ వచ్చి నా గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పింది. వెంటనే వదిలేసి వెనక్కి జరిగింది.

నాకు ఆమె భయం అర్థమైంది. ఉంచుకొమ్మంటే శనిని నా నెత్తిన పెట్టినట్టు. తీయించుకొమ్మంటే నా మొగుడికి ఏమవుతుందో! మర్నాడు తెల్లారేసరికి పెద్దమ్మ స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని నా ముందు నిలబడింది.

"పద, ఖమ్మం పోదాం. ఆమె దగ్గరే చూపించుకుందువుగాని. పిల్లని మీ అమ్మ చూసుకుంటది."

"కడిగించుకున్నాక మా ఆయనకేమన్నా అయితే?" అన్నాను. కావాలనే అన్నాను.

"నోర్ముయ్. ఏమీ కాదు. నీది ఉత్త మచ్చే."

"మరి నీది?"

ఆమె సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. బస్సు దిగేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

ప్రమీలారాణి పార్లరు అప్పటికి ఖమ్మంలోనే ఖానాపురం హవేలికి మారింది. ఆమెకి కళ్ళజోడు వచ్చింది, జుట్టు నెరిసింది. నన్ను కాదు, ముందు పెద్దమ్మనే గుర్తుపట్టింది. చెంపలు చూసింది, బొట్టు లేని నుదురు చూసింది.

"ఎప్పుడమ్మా?" అని మాత్రం అడిగింది.

"ఎనిమిదేళ్ళయింది. నీ దగ్గరికి రావడం మానింది అందుకే. ఇవాళ దీని కోసం వచ్చాను."

ప్రమీలారాణి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టింది కానీ, ఆమె ధ్యాస పెద్దమ్మ మీదే ఉంది. కాసేపటికి చేతిలోని దూది పక్కన పెట్టింది.

"ఆయన మంచోడమ్మా. ఒక్కసారే చూసిన."

పెద్దమ్మ ఉలిక్కిపడింది. "ఎవరిని?"

"మీ ఆయననే. పాత షాపు కాడికి వచ్చిండు గదా! నీకు చెప్పలేదా?"

"మా ఆయనా? ఇక్కడికా? దేనికి?"

"ఆడోళ్ళ జాగ అని లోపలికి రాలే, మెట్ల మీదనే నిలబడ్డడు. నీ పన్ను నొప్పి తగ్గుతలేదని పండ్ల డాక్టరును కలవబోయిండట. నువ్వు అసలు ఆడికి పోనే లేదని తెలిసిందట. ఎట్ల కనుక్కున్నడో మరి, నా కాడికి వచ్చిండు. 'మా ఇంటామెకు ఆవిరి పెడతరట, నొప్పి పుడతదా?' అని అడిగిండు. లేదన్న."

ప్రమీలారాణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"'అయితే ఆపకండమ్మా' అన్నడు. 'మా అమ్మ నోటికి అడ్డం పోయే ధైర్యం నాకు లేకపోయె. మీరన్నా ఆ మంగు తీసెయ్యండి. నాకు తెలుసని మాత్రం చెప్పకండి, సిగ్గుపడి మానేస్తది' అన్నడు. నువ్వు మళ్ళ రాకపోతివి. ఆయన చెప్పే ఉంటడనుకున్న."

నేను కుర్చీలోనే లేచి కూర్చున్నాను. నా మొహం మీది క్రీము మెడ మీదికి కారుతోంది. పన్ను వైద్యం బాగా కుదిరినట్టుందే అని కంచం ముందు తలెత్తిన పెదనాన్న నా కళ్ళ ముందు కనబడ్డాడు. పెద్దమ్మకి కూడా ఆ మాటే గుర్తొచ్చినట్టుంది. రెండు చేతులతో చెంపలు పట్టుకుంది.

"ఆయనకి తెలుసంట!" అంది నా వైపు చూసి. "ఆయనే తీసెయ్యమన్నాడంట హైమా!"

అప్పుడు ఏడ్చింది. పెదనాన్న పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు. ఆ రోజు తప్పు చేసినదానిలా మూలన కూర్చుంది తప్ప, మొగుడు పోయిన ఆడదానిలా ఏడ్చే హక్కు కూడా ఆమెకి మేం మిగల్చలేదు. ప్రమీలారాణి దగ్గరికొచ్చి పెద్దమ్మ తలని తన పొట్టకి ఆనించుకుంది. నాకూ దుఃఖం ఆగలేదు.

నా పని పూర్తయ్యాక ప్రమీలారాణి పెద్దమ్మని కూడా కుర్చీలో కూర్చోమంది.

"ఇవాళ కాదులే తల్లీ" అంది పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని.

బయటికి వచ్చేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. షేరు ఆటో కోసం రోడ్డు దాకా నడవాలి. పెద్దమ్మ మెట్ల మీద ఒక్క క్షణం ఆగింది. పెదనాన్న నిలబడ్డ మెట్లు ఇవి కావు, పాత షాపువి. అయినా ఆగింది. తర్వాత తెల్లచీర కొంగు తల మీదికి తీసుకుని, రెండు చెంపలూ మూసుకునేట్టు ముందుకి లాక్కుంది.

"చూస్తావేందే?" అంది నన్ను. "ఎండ మండిపోతుంటే. నువ్వూ కప్పుకో."