నల్ల కారు తాళాలిచ్చిన పెదనాయన

గిద్దలూరులో ఒక డాక్టరు గారి కారు సీట్లు శుభ్రం చేస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. "పెదనాయన పోయినాడు" అన్నాడు. ఏ పెదనాయన అని నేను అడగలేదు. ఒప్పుకున్న పని ఎలాగో ముగించి మా ఊరు మార్కాపురం బస్సెక్కాను.

పొదిలి రోడ్డు మీద మాకు బండ్లు కడిగే షెడ్డు ఉంది. దాన్ని ఆనుకునే పెదనాయన కిరాణా దుకాణం. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది తరతరాల వ్యాపారం, నేను తర్లుపాడు పక్కన మెట్ట సేద్యం చేసుకునే ఇంటి నుంచి కోడలిగా వచ్చినదాన్ని. మా ఆయన పిలిచే పిలుపే నాకూ అలవాటైంది. పొద్దున్నే కొట్టులో అగరొత్తులు వెలిగించి, ఫ్లాస్కులో మాక్కూడా టీ పోయించుకుని షెడ్డుకు వచ్చేవారు. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని మేం చేసే పని చూస్తూ కూర్చునేవారు. "అయిపోయిందా?" అని ఎప్పుడూ అడగరు. "బాగొచ్చిందా?" అనేవారు.

కొత్త కార్లు పెరిగాక ఉత్త కడుగుడుతో షెడ్డు నడవదని మాకు అర్థమైంది. రంగు మీది సన్న గీతలు మిషన్‌తో తీసి, లోపలా బయటా కొత్తదానిలా చేసే పనిని డీటెయిలింగ్ అంటారు. మా ఆయనకు నడుము నొప్పి. అందుకని విజయవాడలో ఆ కోర్సుకు నేను చేరాను. చివరి పరీక్షలో తప్పాను. "మీ చెయ్యి భయపడుతోందమ్మా. ఇంకా బండ్ల మీద చేసి రండి" అన్నారు పరీక్ష పెట్టినాయన.

ఏ బండి మీద చేయాలి? అడిగిన ప్రతివాళ్లూ "మీ ఆయన చేస్తే ఇస్తాం" అన్నారు. సర్టిఫికెట్ ఆశ వదులుకుని, మళ్లీ టైర్లు కడుగుతున్న రోజు పెదనాయన తన నల్ల కారు తెచ్చి షెడ్డులో నిలిపి, తాళాలు నా చేతిలో పెట్టారు. చెప్పులు విప్పి గాని ఎక్కేవారు కాదు ఆ కారు.

"నల్ల రంగు పెదనాయనా, చిన్న తప్పు చేసినా కనపడుతుంది" అన్నాను.

"కనపడితేనే గదమ్మా తెలిసేది. కానియ్."

ఆ వారంలోనే బానెట్ అంచు దగ్గర మిషన్ కాస్త ఎక్కువ ఆనింది. రంగు లేచిపోయి కింద తెల్లపూత బయటపడింది. మిషన్ ఆపేశాను. వాళ్ల పెద్దబ్బాయి చూసి మండిపడ్డాడు. "ఈమెకి ఇయ్యొద్దని చెప్పినా గదా నాయనా!"

"బండి నాది. నేనిచ్చినా. నువ్వు కొట్టుకాడికి పో" అన్నారు పెదనాయన. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని ఆ మచ్చ చూసి, నా వైపు తిరిగారు. "ఏడుస్తా కూచుంటే చెయ్యి తిరుగుతాదా? రేపు ఇంకో పక్క మొదలుపెట్టు."

ఆ మచ్చతోనే ఊరంతా తిరిగారు. ఎవరైనా ఇదేందని అడిగితే, "మా అమ్మాయి పరీక్షకి చదువుతాంది. పుస్తకమన్నాక గీతలు పడవా ఏంది?" అనేవారట.

రెండోసారి పరీక్షకు నాతో బస్సులో విజయవాడ వచ్చారు. నేను లోపల లైటు కింద రంగు మీద మిషన్ నడుపుతుంటే, ఆయన బయట వాచ్‌మన్‌తో మిరపకాయల రేటు మాట్లాడుతున్నారు. ఆ గొంతు వినపడుతున్నంతసేపూ నా చెయ్యి భయపడలేదు. ప్యాసయ్యానని చెప్పగానే, "ముందు అన్నం తిందాం పా" అన్నారు. హోటల్లో ఆకు పక్కన సర్టిఫికెట్ పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివారు. నా పేరు దగ్గరికొచ్చేసరికి సర్వర్ కూడా ఆగి విన్నాడు.

"ఇంట్లో పెట్టుకోమాక. షెడ్డులో తగిలించు, గిరాకీ చూడాల" అన్నారు.

ఊరికొచ్చాక ఆ అంచుకు రంగు వేయించి, నేనే మెరుగు పెట్టాను. ఆయన వేలితో తడిమి తడిమి చూశారు. "యాడుందో కనపడలా. బాగొచ్చిందమ్మా" అన్నారు. ఆ మాటకు సర్టిఫికెట్ వచ్చినప్పటి కంటే ఎక్కువ పొంగిపోయాను. ఇప్పుడు పొదిలి, వెలిగండ్ల నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. నన్నే అడుగుతారు.

ఆయన్ను తీసుకెళ్లిన రోజు బజారులో కొట్లన్నీ సగం షట్టర్లు దించాయి. చుట్టాల కార్లు రోడ్డు పొడవునా ఆగాయి, అందులో నా చేతుల మీదుగా వెళ్లినవి చాలానే ఉన్నాయి. పాడె ముందు చల్లిన బొరుగులు, బంతిరేకులు ఆ బానెట్ల మీద పడ్డాయి. నా భుజం మీద తుడిచే గుడ్డ ఉంది. వాటిని తుడవడానికి చెయ్యి రాలేదు. జనం వీధి మలుపు తిరిగిపోయాక కూడా, ఎండలో ఆ నల్లటి, తెల్లటి రంగుల మీద బంతిరేకులు మెల్లగా కదులుతూనే ఉన్నాయి.