భుయ్యాడీహ్‌లో గ్లాసుడు నీళ్ళు

మా మేనకోడలు కాలేజీ తరఫున జంషెడ్‌పూర్‌కి సేవా శిబిరానికి వెళ్తోంది. "నువ్వూ చదువుకునే రోజుల్లో వెళ్ళావు కదత్తా, ఎలా వెళ్ళాలో, ఏం తీసుకెళ్ళాలో రాసిపెట్టు" అని నెల్లాళ్ళుగా నా ప్రాణం తోడేస్తోంది. సరే, రాస్తున్నాను. దానితో పాటు అలాంటి ప్రయాణం పెట్టుకున్న పిల్లలెవరైనా ఉంటే వాళ్ళూ చదువుకోవచ్చు. ఇందులో సరదా తక్కువని మాత్రం ముందే చెప్తున్నాను. ఆ ఊరి పార్కుల గురించీ, ఫ్యాక్టరీ దీపాల గురించీ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చూసింది వేరే.

డెబ్భైల చివరి మాట. విజయనగరంలో బి.ఎస్సీ. రెండో ఏడు చదువుతున్నాను. ఆ వానాకాలం సువర్ణరేఖ పొంగి, ఒడ్డున ఉన్న భుయ్యాడీహ్ సందుల్లోకి వచ్చింది. నీళ్ళు తీశాక వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అక్కడ ఉండేవాళ్ళలో చాలామంది మన శ్రీకాకుళం వైపు నుంచి ఫ్యాక్టరీలో కూలికి వెళ్ళినవాళ్ళే. మగవాళ్ళకి హిందీ వచ్చు, ఇంట్లో ఉండే ముసలమ్మలకి రాదు. జాగ్రత్తలు చెప్పడానికి వచ్చినవాళ్ళేమో హిందీలో చెప్పి పోతున్నారు. తెలుగులో చెప్పే ఆడపిల్లల్ని పంపమని అక్కడి తెలుగు పెద్దలు మా కాలేజీకి కబురు పెట్టారు. నేను పేరిచ్చింది సేవాభావం పొంగి కాదు. ఇంట్లో కూర్చుని పిన్ని కూతురి పెళ్ళికి అప్పడాలు ఒత్తేకంటే రైలెక్కడం మేలనిపించింది, అంతే. మా సుభద్ర మేడమ్‌తో కలిపి తొమ్మిది మందిమి బయల్దేరాం.

అప్పట్లో దారి ఇదీ. సాయంత్రం హౌరా వైపు వెళ్ళే మెయిలెక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్. అక్కడ మారి టాటానగర్ ప్యాసింజరు పట్టుకోవాలి. అది ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, స్టేషన్ లేని చోట కూడా ఆగుతుంది. విద్యార్థుల రాయితీ పోను మనిషికి ఇరవై చిల్లర పడింది. ఇప్పటివాళ్ళు ఆ లెక్క చూసి నవ్వుకోండి, ఫరవాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి దిగాం. స్టేషన్ బయట రిక్షావాళ్ళు మీద పడిపోయారు. బర్మామైన్స్ ఇరుకు సందులు, ఫ్యాక్టరీ గోడ, పొగ, అన్నీ దాటుకుని మూడు రిక్షాల్లో అగ్రికో చేరాం. అక్కడ ఒక ఇంజినీరు గారి భార్య లలితగారు మా కోసం రెండు గదులు ఖాళీ చేసిపెట్టారు. క్వార్టర్ల ముందు తోటలు, కుళాయి తిప్పితే నీళ్ళు. అక్కణ్ణించి భుయ్యాడీహ్‌కి నడిస్తే అరగంట కూడా పట్టదు. ఆ కాస్త నడకలోనే తోటలు అయిపోయి బురద మొదలయ్యేది.

పొద్దున్నే టిఫిన్ తిని వెళ్ళి, బావుల్లో బ్లీచింగ్ వేయించడం, నీళ్ళు కాచి తాగమని చెప్పడం మా పని. విరేచనాలు పట్టుకున్న పిల్లకి నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఆ ముసలమ్మల నమ్మకం. అందుకని నోరు ఎండబెట్టేవారు. ఆ నమ్మకం పోగొట్టడానికి మేం బుర్రకథ కట్టుకెళ్ళాం. గొంతు ఉందన్న పేరున నేను కథకురాలిని, నాతో వచ్చిన కుసుమా, ఇంకో అమ్మాయీ వంతలు. కథ చిన్నదే. మొండి అత్తగారు మనవరాలికి నీళ్ళు ఇవ్వనివ్వదు. కోడలు చాటుగా కాచి చల్లార్చిన గ్లాసుడు నీళ్ళలో చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార కలిపి పడుతుంది. పిల్ల లేచి ఆడుకుంటుంది. తందాన తాన.

రెండో రోజు సాయంత్రం సందు మధ్యలో ఆడాం. జనం అరుగుల మీదా, గోడల మీదా కూడా. ముందు వరసలో పైడమ్మ అనే ముసలమ్మ, ఏడాదిన్నర మనవరాలు గౌరిని ఒళ్ళో వేసుకుని పడీపడీ నవ్వింది. అత్తగారి పాత్ర వచ్చినప్పుడల్లా "ఇది మా ఆడబడుసు నాగే ఉందర్రా!" అని కేకలు. అయ్యాక తనే గ్లాసుల్లో టీ తెచ్చి, నా బుగ్గలు పుణికి, "నీ గొంతు బంగారం గానూ! ఏటి పాడినావమ్మా!" అంది. కోడలు నరసమ్మ గుమ్మం పక్కన నిలబడి సిగ్గుగా నవ్వుతోంది. ఆ రాత్రి మా అంత గొప్పవాళ్ళు లేరు. జంషెడ్‌పూర్‌ని ఒక్క పాటతో బాగుచేసేశామనుకుని ముసుగుతన్ని పడుకున్నాం.

రెండు రోజులు వేరే సందుల్లో తిరిగి, మళ్ళీ అటు వెళ్ళాం. పైడమ్మ ఇంట్లో అడుగుపెట్టగానే వాసన. గౌరి చాప మీద పడుకుని ఉంది. కళ్ళు లోతుకుపోయాయి, పెదాలు బీటలు తీశాయి. ఏడుస్తోంది కానీ కన్నీళ్ళు రావటం లేదు. ముందురోజు పొద్దుట్నుంచీ విరేచనాలట. నీళ్ళిచ్చారా అంటే నరసమ్మ అత్తగారి వైపు చూసింది.

"ఇత్తే మరీ ఎక్కువౌతాది గదమ్మా" అంది పైడమ్మ.

"మొన్న కథ చూశావు కదా మామ్మా! నీళ్ళివ్వబట్టే కదా పిల్ల బతికింది!"

"అది కతమ్మా. కతలో గుంట బతుకుతాది. కతలో ఎవులు సచ్చిపోతారు?" అంది. వెటకారం లేదు ఆవిడ మాటలో. నాకు తెలియని సంగతి నాకు చెప్తున్నట్టే చెప్పింది.

నా ఒళ్ళు మండిపోయింది. పోట్లాడే టైము కాదు. కుసుమ నీళ్ళు కలిపింది, నేను గౌరిని ఒళ్ళో వేసుకుని చెంచాతో పట్టాను. నాలుగు చెంచాలు లోపలికి వెళ్తే ఆరు చెంచాలు బయటికి వచ్చేసేవి. మేడమ్ పరిగెత్తి రిక్షా తెచ్చింది. నరసమ్మ, నేను, ఒళ్ళో గౌరి, ఆసుపత్రికి బయల్దేరాం. తండ్రి డ్యూటీలో ఉన్నాడు, కబురు పంపాం. రిక్షా అతను బిహారీ మనిషి, పెద్దవాడే, గుంటలున్న దారిలో కూడా నిలబడి తొక్కాడు. "జల్దీ భయ్యా, జల్దీ" అని నాకు వచ్చిన రెండు ముక్కలూ దారంతా అరుస్తూనే ఉన్నాను. సాక్చీ మలుపు దగ్గర నేను అరవడం మానేశాను. నరసమ్మ పిల్ల ముఖం మీద కొంగు వేసి, తీసి, మళ్ళీ వేసింది. అతను వెనక్కి తిరిగి చూశాడు. "దీదీ, అబ్ ధీరే చలూఁ?" అన్నాడు. ఇక నెమ్మదిగా వెళ్ళమంటారా అని.

ఆసుపత్రిలో డాక్టరు చూసి తల అడ్డంగా ఊపారు. సాయంత్రం సువర్ణరేఖ ఒడ్డునే పూడ్చిపెట్టారు. ఆడవాళ్ళం అంతదూరం వెళ్ళలేదు, సందు చివర నిలబడ్డాం. నది అప్పటికి బుద్ధిగా పారుతోంది.

మర్నాడు మాకు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మొదట అర్థం కాలేదు. పంపు దగ్గర పదిహేనేళ్ళ పిల్లని తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చింది, "ఆప్‌కా పానీ పీకే మరీ నా." మీ నీళ్ళు తాగే కదా చచ్చిపోయింది అట. సందంతా అదే మాట. గౌరి నోట్లో చివరికి పోసింది మా నీళ్ళే, పోసింది నా చెయ్యే. ఎలా కాదంటాం? మేడమ్ ముఖం పాలిపోయింది. "రేపటి బండికి వెళ్ళిపోదామే, గొడవ అవుతుంది" అంది. ఇద్దరు అమ్మాయిలు ఏడుపు మొదలెట్టారు. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను. పైడమ్మ గోడకి ఆనుకున్న ఇంట్లో ఎర్రమ్మ కొడుక్కి, పది నెలలవాడికి, అప్పటికే విరేచనాలు పట్టుకున్నాయి. వాడి ఏడుపు సందులోకి వినిపిస్తోంది. పొద్దున గట్టిగా, మధ్యాహ్నానికి సన్నగా. గౌరి కూడా అలాగే ఏడ్చింది.

మర్నాడు రైలుకి మేం వెళ్ళలేదు. మేడమ్‌ని నలుగురం బతిమాలి ఆపాం. బుర్రకథ తంబురా లలితగారింట్లోనే వదిలేసి, కాచిన నీళ్ళూ ఉప్పూ పంచదారా పట్టుకుని, నేను, కుసుమ ఎర్రమ్మ గుమ్మం ముందు నిలబడ్డాం.

"ఎల్లండమ్మా, ఎల్లండి. మీ నీల్లొద్దు, మీ పాటలొద్దు" అంది ఎర్రమ్మ, పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని. "పొరుగింటి గుంటని తీసీసినారు. నాకున్నోడు ఆడొక్కడే."

నేనేదో అన్నాను. ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది. నలుగురూ పోగయ్యారు. ఎవరో కుసుమ చేతిలో గ్లాసు తోసేశారు. అప్పుడు పక్కింటి చూరు కింద కూర్చున్న నరసమ్మ లేచింది. జుట్టు ముడి కూడా వెయ్యలేదు. "మైలే! ఎక్కడికెల్తన్నావే?" అని పైడమ్మ వెనకనుంచి కేకేసింది. నరసమ్మ ఆగలేదు. ఎర్రమ్మ గుమ్మం దాకా వచ్చి, మైల కనక గడప తొక్కకుండా బయటే నిలబడింది.

"ఎర్రమ్మొదినా, ఇలా సూడు" అంది. "నా గౌరి ఈల్ల నీల్లు తాగి సచ్చిపోనేదు. దాహంతో సచ్చిపోయింది. రేతిరంతా నీల్లు నీల్లని నా రొమ్ము పీకింది. మా అత్త వొద్దంది, నానూ ఇవ్వనేదు. కుండ నా తలకాడే ఉంది. నానే ఇవ్వనేదు."

నరసమ్మ నా వైపు తిరిగి గ్లాసులో కలపమంది. కలిపి ఇస్తే అందరి ముందూ సగం తాగింది. "నాకేటయింది? ఏటీ అవనేదు. అమ్మాయిగోరూ, మిగతాయి పారబోసి మల్లీ కలపండి. మీరే పట్టండి. నా సెయ్యి మైల."

ఎర్రమ్మ పక్కకి జరిగింది.

ఆ పూటంతా అక్కడే కూర్చున్నాను. చెంచా, కాసేపు ఆగడం, మళ్ళీ చెంచా. కక్కితే కడిగి మళ్ళీ చెంచా. కుసుమ నీళ్ళు కాచి తెస్తూనే ఉంది. మేడమ్ వెళ్ళి డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన చూసి, ఆపకండి, ఇలాగే పట్టండి అన్నారు. నరసమ్మ గడప అవతల ఎండలో నిలబడే ఉంది. పైడమ్మ వచ్చి రమ్మని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. పొద్దు వాలుతుండగా నా ఒళ్ళో వెచ్చగా తడిసింది. పరికిణీ అంతా తడిసింది. "పోసినాడు! నా బాబు ఉచ్చ పోసినాడు!" అని ఎర్రమ్మ వీధిలోకి వినపడేలా అరిచింది. ఒంట్లోకి నీళ్ళు చేరాయన్నమాట. బయట నరసమ్మ ఉన్నచోటే కూలబడి, అప్పుడు ఏడ్చింది. పిల్ల పోయాక అంతవరకూ ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు.

తరవాత ఆ సందులో మేం పాడలేదు. మిగిలిన రోజులన్నీ ఇల్లిల్లూ తిరిగి చెంచాలు పట్టడమే పని. కాలేజీలో మాకు సర్టిఫికెట్లు ఇచ్చారు, చప్పట్లు కొట్టారు, సేవవల్ల వ్యక్తిత్వం వికసిస్తుందని ఒక పెద్దమనిషి గంటసేపు మాట్లాడాడు. వికసించడం సంగతి నాకు తెలియదు. వెళ్ళేటప్పుడు ఉన్న పొగరు మాత్రం వచ్చేటప్పుడు లేదు. నేను పాట పాడి చెప్పలేకపోయిన ముక్కని, ఒక తల్లి తన తప్పు నలుగురిలో ఒప్పుకుని చెప్పింది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు ఆమెకి, నా ఈడుదే. అలా నిలబడే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఎవరైనా సేవ అనే మాట తేలిగ్గా వాడితే ఇవాళ్టికీ చిరాకేస్తుంది.

ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఇప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి, సంచీలో పడేసుకోండి. కానీ జబ్బుపడ్డ పిల్ల ఉన్న ఇంట్లో ప్యాకెట్టు చేతిలో పెట్టి, నాలుగు మంచిమాటలు చెప్పి వచ్చేయకండి. ఒకర్ని డాక్టరు కోసం పంపండి. నీళ్ళు మీరే కలపండి, మొదటి చెంచా మీరే పట్టండి, ఆ పిల్ల మీ ఒడి తడిపేదాకా అక్కణ్ణించి లేవకండి.