గురువారం ఒక్కపొద్దు

మా అత్తమ్మకు నా చేతి ముద్ద సయించదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పటి నుంచి ఆమెకు తినిపించేది నేనే, స్నానం చేయించేది నేనే, ఇన్సులిన్ వేసేది నేనే. అయినా నేను పళ్లెం పట్టుకుని వస్తే మొహం గోడవైపు తిప్పుకుంటుంది. పై వాటాలో అద్దెకుండే ఆమె మెట్లు దిగిన చప్పుడైతే చాలు, అదే మొహం చాటంత అవుతుంది. "వచ్చినవా బిడ్డా" అంటుంది. నన్ను ఏనాడూ బిడ్డా అని పిలవలేదు.

నాకు కుళ్లు. దీనికి ఇంకో పేరు పెట్టి చెప్పుకోవడం నాకు చేతకాదు.

కాశిబుగ్గలో మాది కిరాణా కొట్టు, వెనక ఇల్లు, పైన రెండు గదులు. ఆ గదులు ముస్లింలకు ఇచ్చామని తెలిసి మా చుట్టాలు మూతులు ముడిచారు. ఆయన ఆటో నడుపుతాడు, ఆమె జాకెట్లు కుడుతుంది. వచ్చిన మొదటి ఎండాకాలమే నాకూ ఆమెకూ గొడవైంది. మోటారు వేసి మరిచిపోయింది. ట్యాంకు పొంగి, డాబా మీద నేను పెట్టిన వడియాలన్నీ పిండి ముద్దయిపోయాయి. నేను ఊరుకుంటానా? మెట్ల మీద నుంచే మొదలుపెట్టాను. ఆమె గుమ్మంలో నిలబడి విన్నది. మొహం ఎర్రబడింది. ఇక నోరు విప్పుతుంది, ఇవాళ తేలిపోతుంది అనుకున్నాను. ఆమె ఉన్నపళంగా కింద చతికిలబడింది! కాసేపు అట్లాగే ఉండి, లేచి, నల్లా దగ్గర మొహం, కాళ్లు చేతులు కడుక్కుని వచ్చింది.

"తప్పు నాదే అక్కా. పిండి నువ్వు కలుపు, వడియాలు నేను పెడ్త."

"మధ్యల ఆ కూసునుడేంది?" అన్నాను.

"కోపమొస్తే నిలబడ్డోళ్లు కూసోవాలె అని మా ప్రవక్త చెప్పిండ్రక్కా. అప్పటికీ పోకపోతే పండుకోవాలె. నాకు కూసుంటేనే పోతది."

కొట్లాటకు సిద్ధమై వెళ్లినదాన్ని, ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. కింద నుంచి అంతా విన్న అత్తమ్మ, నేను దిగి రాగానే అన్నది: "జర చూసి నేర్చుకో."

ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు.

అత్తమ్మ మంచం పట్టాక ఆమె రోజూ మధ్యాహ్నం రావడం మొదలుపెట్టింది. పని మానుకుని ఎందుకు వస్తావంటే, రోగి దగ్గరికి పోయి కూర్చోవడం ప్రవక్త చెప్పిన పని అన్నది. మరి ఇంట్లోనే ఉండి చేసేవాళ్ల సంగతి ఆయన ఏమీ చెప్పలేదా అని అడగాలనిపించింది. అడిగితే దానికీ ఏదో ఒకటి చెప్తుందని భయపడి ఊరుకున్నాను.

ఒకరోజు తనే చెప్పింది. కరోనా అప్పుడు వాళ్లమ్మను దవాఖానలో చేర్చారట, ఆఖరి చూపుకు కూడా ఈమెను లోపలికి రానివ్వలేదట. "దెబ్బ తగిలిన ఘడియలనే ఓపిక పట్టాలె, అదే అసలు సబర్ అంటరక్కా. నాకు అప్పుడు కాలేదు. గేటు కాడ మస్తు మొత్తుకున్న." చెప్తూనే అత్తమ్మ పడిపోయిన చేతికి నూనె రాస్తోంది. ఆ మాట విన్నాక ఆమెను తిట్టుకోవడానికి కూడా నాకు నోరు రాలేదు. అది ఇంకా కడుపుమంట.

ఇక ఆ గురువారం. అన్నం కలిపి పెట్టుకుని, అత్తమ్మకు ఇన్సులిన్ వేశాను. వేశాక ఆలస్యం చేయకుండా తినిపించాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. అప్పుడే ఆమె వచ్చింది.

"తిన్నవా బిడ్డా?" అన్నది అత్తమ్మ.

"ఒక్కపొద్దున్న అమ్మా."

"అయితే నాకొద్దు. ఇంటికొచ్చిన మనిషిని ఆకలితోని కూసోబెట్టి తినుడు మా ఇంట్ల లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేను శనివారం ఒక్కపొద్దు ఉంటాను. దీపం పెట్టాకగానీ తినను. ఆ పూట అత్తమ్మ నా ఎదురుగానే కూర్చుని, నాచేతే పెట్టించుకుని, తృప్తిగా తిని లేచేది. నాకు ఆకలైతుందా అని ఒక్కనాడు అడగలేదు. పైనామె గురువారానికి మాత్రం ఇంత మర్యాద!

కానీ ఏడ్చుకోవడానికి వ్యవధి లేదు. బతిమాలుతుండగానే అరగంట గడిచి, అత్తమ్మ నుదుటి మీద చెమట పట్టింది. ఎడమ చెయ్యి వణుకుతోంది. చక్కెర నీళ్లు పెదాలకు ఆనిస్తే పళ్లు బిగించింది. జబ్బు మనిషికి రోజా ఒక్కపొద్దు నుంచి మా మతంలోనే మాఫీ ఉంది, నీకెందుకమ్మా అని పైనామె బతిమాలింది. అత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

ఆమె నా వైపు తిరిగింది. "అక్కా, నాకొక ముద్ద పెట్టు."

"నీ ఒక్కపొద్దో?"

"ఇది రంజాన్‌ది గాదు. మా ప్రవక్త సోమవారం, గురువారం ఉండేటోరు, అందుకని ఇష్టంకొద్ది ఉంట. ఇసొంటిది ఇంకో మనిషి కోసం ఇడవొచ్చు. మళ్ల ఇంకోనాడు ఉంట. నువ్వు పెట్టు."

ఆమె చేతులు ఖాళీగానే ఉన్నాయి. తనే కలుపుకుని తినొచ్చు, అత్తమ్మకు తనే పెట్టనూ వచ్చు. నా చేత్తోనే పెట్టమన్నది. పెట్టాను. తిన్నది. అత్తమ్మ నోరు తెరిచింది.

"ఎంగిలి చెయ్యి అత్తమ్మా, కడుక్కొస్త."

"కడిగేదేంది. పెట్టు."

స్నానం చేయకుండా పచ్చడి జాడీ ముట్టుకున్నానని నన్ను ఏడిపించిన మనిషి ఈవిడే! అదే చేత్తో తినిపించాను. పళ్లెం ఖాళీ అయ్యేసరికి వణుకు తగ్గింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మధ్యలో చెయ్యి మాత్రం నాది.

శనివారం మధ్యాహ్నం పైనామె రాలేదు, పెళ్లిళ్ల జాకెట్లు చాలా ఉన్నాయట. మేమిద్దరమే. నాకు లోపల హాయిగానే ఉంది. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే అత్తమ్మ నోరు తెరవలేదు. మొహం గోడవైపు తిప్పుకోలేదు కూడా. నా వైపే చూసింది.

"నువ్వు తిన్నవా?"

నా చెవులను నేనే నమ్మలేదు. "శనివారం గదా అత్తమ్మా. దీపం పెట్టినంక తింట."

"అయితే నాకొద్దు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. నా శనివారం కూడా ఒకరికి కనబడింది, ఇన్నేళ్లకు! ఏ దేవుడు ఏమనుకున్నా సరేనని, ఆమె కోసం కలిపిన ముద్ద నా నోట్లో పెట్టుకున్నాను. అంత రుచిగల అన్నం నేనెప్పుడూ తినలేదు.

"పైనామె చెప్పింది" అన్నది అత్తమ్మ. "అక్క శనివారం కడుపు మాడ్చుకొని నీకు తినిపిస్తది, ఒక్కమాట అడగమ్మా అని. అందుకే అడిగిన."

ఇదీ ఆమె చెప్తేనేనా అని మళ్లీ ఒళ్లు మండింది. నిలబడి ఉన్నదాన్ని మంచం పక్కన కూర్చున్నాను. అత్తమ్మ నోరు తెరుచుకుని ఎదురు చూస్తోంది. నా ముద్ద మింగేసి, అదే చేత్తో ఆమెకు పెట్టాను.