పడిపోయిన చెయ్యి

ఆయన స్వరకర్త. చెవి మీద పెన్సిల్, జేబులో రబ్బరు పొడి. భోజనాల బల్ల దగ్గరే కూర్చుని, మోకాలి మీద తాళం వేసుకుంటూ రాస్తాడు. ఆయన సంగీతం మోగిందో, కుక్కర్ కూసిందో తెలియదని బావమరిది ఆటపట్టిస్తుంటాడు. ఏది రాసినా మొదట వయొలిన్ మీద వాయించేది భార్యే. పోయిన ఏడు పక్షవాతం వచ్చి ఆమె ఎడమచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి ఆయన తిండీ నిద్రా మరచి ఒక కొత్త కృతి రాశాడు. అందులో వేళ్లతో తీగలు నొక్కే పనే లేదు, కుడిచేత్తో కమాను లాగితే చాలు. వయొలిన్ మెడను ఆయన పట్టుకుంటే, ఆమె చివరిదాకా వాయించి కమాను కింద పెట్టింది.

"బాగుందండీ. కానీ ఇది నేను వాయించను."

"ఏం, ఎక్కడైనా తప్పు పోయిందా?"

"ఇన్నాళ్లూ నన్ను చూసి రాసేవారు. ఇది నా చెయ్యి చూసి రాశారు."

ఆ కృతిని కచేరీలో మరొకావిడ వాయించింది. ఇద్దరూ ముందు వరుసలో కూర్చున్నారు. సగంలో భార్య ఆయన మణికట్టును ఒళ్లోకి లాక్కుంది. దాన్నే వయొలిన్ మెడ అనుకుని, ఆయన రాయకుండా వదిలేసిన స్వరాలన్నీ కుడిచేతి వేళ్లతో గబగబా నొక్కసాగింది. జనం చప్పట్లు కొడుతున్నా ఆయన చెయ్యి కదపలేదు.