పై గొట్టం, కింది గొట్టం

పెదనందిపాడు దాటి పర్చూరు వైపు పోతున్న షేర్ ఆటో ఉన్నట్టుండి నెమ్మదించింది. రోడ్డు వారన తెల్లకారు ఒకటి బానెట్ ఎత్తుకుని నిలబడి, మూత ఎగిరిన ఎసటిగిన్నెలా ఆవిర్లు కక్కుతోంది. ఆటోలోని ఎనిమిది మందిలో ఏడుగురు అయ్యో పాపం అనుకున్నారు. ఎనిమిదో మనిషి బుడే మాత్రం చేతిసంచీ చంకన పెట్టుకుని, "ఆపు బాబూ, దిగుతా" అన్నాడు.

"ఒంగోలు పోవాలన్నావుగా పెద్దాయనా?" అన్నాడు ఆటో అతను.

"ఇంకోటి ఎక్కుతాలే."

బుడేకి అరవై ఒకటి. ప్రత్తిపాడులో ముప్పై నాలుగేళ్ళు రేడియేటర్ల షాపు నడిపాడు. ఆ రోజుల్లో రేడియేటరంటే రాగీ ఇత్తడీ. కారితే విప్పి, గొట్టాలు పొడిచి శుభ్రం చేసి, తగరంతో అతుకేస్తే మళ్ళీ పదేళ్ళు పనిచేసేది. ఇప్పుడొచ్చేవి అల్యూమినియంవి, వాటికి ప్లాస్టిక్ తలకాయలు. పగిలితే పారేసి కొత్తది బిగించడమే. అతుకు పోయాక అతికేవాడు మాత్రం ఎందుకు? బుడే మూడేళ్ళ క్రితం షట్టరు దించేశాడు.

అయితే అతని దగ్గర అతుకు కాక ఇంకొకటి ఉంది, చెయ్యి. ఈ ప్రాంతంలో వేడిని ఎప్పుడూ చేత్తోనే కొలిచారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ లోపల థర్మామీటరు వేలాడుతున్నా ముసలి కాపలాదారులు తలుపు సందులో అరచెయ్యి పెట్టి చూసిగానీ మంట తగ్గించేవారు కాదు. కల్లంలో మిరపకాయ ఎండిందో లేదో గుప్పిట పట్టి చెప్పేవారు. నాడి పట్టి రోగం చెప్పిన వైద్యుల మీద ఉద్గ్రంథాలే ఉన్నాయి. రబ్బరు గొట్టం పట్టుకుని ఇంజను రోగం చెప్పినవాడి మీద ఎవరూ ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. ఆ చేతి మీద నమ్మకంతోనే, ఒంగోలులో కార్ల షెడ్డు పెట్టిన మాలిక్ కబురు చేశాడు: "రెండు కార్లు వేడెక్కి చస్తున్నాయి, మావాళ్ళకి అంతు చిక్కట్లేదు. గురువారం రా మామూ. చెయ్యేసి రోగం చెప్పు. చెప్పావంటే రోజూ నా దగ్గరే పని."

ఇవాళ గురువారం. ఈ పని దొరక్కపోతే బుడేకీ, భార్య జానీబీకీ మిగిలేది కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనే. షాపు మూశాక ఇద్దరూ రెండు సీజన్లు ఆ పని చేశారు. అందరికీ చేతులు మండేవి. అందరూ కొబ్బరినూనె రాసేవారు, మజ్జిగలో ముంచేవారు. మిగతావాళ్ళకి రెండు రోజుల్లో తగ్గేది. బుడేకి తగ్గలేదు. సీజన్ అయిపోయినా మంట, దాంతోపాటు చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి. మెడికల్ క్యాంపులో షుగరుందని చెప్పి బిళ్ళలిచ్చారు. చేతుల సంగతి డాక్టరుతో అననేలేదు. మిరపకాయ మంటకు డాక్టరెందుకు? పోయిన ఏడాది ఆ మంట దానంతటదే ఆగిపోయింది. "అల్లా చల్లగా చూశాడు" అని జానీబీ సంబరపడి చక్కెర పొంగలి చేసింది.

ఈమధ్య చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోంది. కాలి చెప్పు ఎక్కడో జారిపోతే వెనకాల వచ్చేవాడు పిలిచి చెప్పాడు. బుడే మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. మాలిక్ షెడ్డులో పదిమంది ముందు నిలబడే లోపల ఒక్కసారి, ఎవరూ ఎరగని చోట, చెయ్యి పరీక్షించుకోవాలి. అందుకే ఆటో దిగాడు.

తీరా చూస్తే ఎరిగినవాళ్ళే. కారు యలమందయ్యది. ఆరెకరాల మిర్చి, నాలుగెకరాల పత్తి. ఒకప్పుడు ఆయన ట్రాక్టరు రేడియేటరు రెండుసార్లు బుడే దగ్గరకే వచ్చింది. పక్కన గొడుగు వేసుకుని భార్య సుబ్బరావమ్మ నిలబడి ఉంది.

"ఎవరూ, బుడేనా. దేవుడిలా ఊడిపడ్డావురా" అన్నాడు యలమందయ్య, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటరు మూత మీద వేస్తూ.

"దాన్ని ముట్టుకోకండి. మొహం ఉడికిపోద్ది."

"చెబితే వినే మొహం కాదు సాయిబూ" అంది సుబ్బరావమ్మ. "కొన్నప్పట్నుంచి ఈ కారును మేం మోయడమేగానీ అది మమ్మల్ని మోసింది లేదు. ఇంకొల్లులో మేనకోడలి గృహప్రవేశం. ముహూర్తం ఎటూ పోయింది, భోజనాలకన్నా తీసుకెళ్ళు."

"కారేం చేసిందే, దారిలో ఏసీ పెంచు పెంచు అన్నదెవరు?"

"సరే, ఇంజనుకు ఉడుకెత్తింది నావల్లే. నీకూ అంతేగా."

బుడే నవ్వాడు. వాళ్ళు కీచులాడుకుంటున్నంతసేపూ కారు చుట్టూ తిరిగాడు. కింద కారిన మరక లేదు. ముందు జాలీ శుభ్రంగానే ఉంది. అరగంట ఆగి మూత తీశాడు, నీళ్ళ మీద నూనె తెట్టు లేదు. రోడ్డు పక్క కాలవ నీళ్ళు తువ్వాలులో వడగట్టి పోశాడు. ఇంజను ఆన్ చేయించాడు, బుడగలు రాలేదు. ఫ్యాను తిరిగింది. అయినా పది నిమిషాల్లో వేడి చూపే ముల్లు మళ్ళీ ఎర్రగీత వైపు బయల్దేరింది.

"ఇప్పుడు చూడండి" అన్నాడు. షాపులో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే, అలవాటుగా నోటికొచ్చింది. "ఇంజన్లోంచి వేడినీళ్ళొచ్చేది పై గొట్టం. చల్లారి వెనక్కి పోయేది కింది గొట్టం. పైది కాలి కిందది చల్లగా ఉంటే నీళ్ళు తిరగట్లేదని. రెండూ కాలితే నీళ్ళు తిరుగుతున్నాయి, గాలే తగలట్లేదని. కళ్ళు అబద్ధం చెబుతాయమ్మా, చెయ్యి చెప్పదు."

పై గొట్టం పట్టుకున్నాడు. లావుగా తగిలింది. అంతే. దుప్పటి కప్పుకున్న మనిషిని తడిమినట్టుంది. కింది గొట్టం పట్టుకున్నాడు. అదే లావు, అదే దుప్పటి. కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా పట్టాడు. ఇరవై దాకా లెక్కపెట్టాడు. ఎక్కడో చిన్నప్పటి వేడి ఒకటి జ్ఞాపకంగా వచ్చిందిగానీ అది గొట్టంలోది కాదు.

"ఏమంటోంది?" అన్నాడు యలమందయ్య.

ఏమీ అనట్లేదని చెప్పొచ్చు. చెబితే అయిపోతుంది. కానీ ముప్పై నాలుగేళ్ళుగా ఈ ప్రశ్నకు జవాబు లేకుండా బుడే చెయ్యి వెనక్కి తీయలేదు.

"కిందది చల్లగా ఉంది. లోపల నీళ్ళకు దారి తెరిచే వాల్వు అంటుకుపోయింది. తీసి పారేస్తే సరి. మన ఎండలకు వాల్వెందుకు?"

"ఇంకేం, పీకెయ్."

ఇంజను ఆపించి సంచీలోంచి పానాలు తీస్తున్నాడు. సుబ్బరావమ్మ గొడుగు మడిచి ముందుకు వంగి, అదేమిటో చూద్దామన్నట్టు కింది గొట్టం మీద వేళ్ళు ఆనించి, చటుక్కున లాగేసుకుంది.

"అమ్మో, కొరకంచులా ఉంది. చల్లగా ఉందంటివే సాయిబూ."

ఆమె అతని చేతిలోని పానా వైపు చూసింది. పానాను కాదు, దాన్ని పట్టుకున్న చేతిని. విచ్చిన అరచేతికి అడ్డంగా చర్మం పాలిపోయి, బొబ్బ ఉబ్బుతోంది.

"అయ్యో, నీ చెయ్యి చూసుకో. కాలిపోయింది. మంట లేదూ?"

బుడే చూసుకున్నాడు. వేరే ఎవరి చెయ్యో చూసినట్టు తిప్పి చూశాడు.

"లేదమ్మా" అన్నాడు.

ఏడాదిగా జానీబీకి రోజూ చెబుతున్న మాటే అది. మంట లేదు. చెప్పినప్పుడల్లా ఆమె మొహం విచ్చుకునేది. ఇప్పుడు అర్థమైంది. తగ్గడం కాదు అది. మండడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. రెండు సీజన్లు మిరపకాయను తిట్టాడు, పాపం దాని తప్పేమీ లేదు, అదంతా షుగరు పని. ఆ రెండేళ్ళలో ఒక్కరోజు డాక్టరు ముందు చెయ్యి చాపి ఉంటే ఎలా ఉండేదో. ఆ ఆలోచన వచ్చినంత వేగంగానే దాన్ని తోసేశాడు. రోడ్డు మీద నిలబడి ఆలోచించే విషయం కాదు.

గొంతు మారకుండా, "అమ్మా, పైదాని మీద కూడా ఒకసారి వేళ్ళు పెట్టి చెప్పండి" అన్నాడు. "రెండూ ఒక్కలాగే కాలుతున్నాయా?"

ఆమె ముట్టుకుంది. "ఒక్కలాగే."

"అయితే వాల్వు కాదు. గాలి తగలట్లేదు." పానా సంచీలో పడేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏసీ జాలీకీ, దాని వెనక రేడియేటరుకీ మధ్య బెత్తెడు సందు ఉంటుంది. ఫోను లైటు వేయించి అందులోకి చూశాడు. లోపల తెల్లగా, మెత్తగా, దుమ్ముతో కలిసి పరుపులా పత్తి. "కారు ఎక్కడ పెడతారు?"

"పత్తి కొట్టంలో" అన్నాడు యలమందయ్య. "ఎండ తగలకుండా."

"నూగంతా ఫ్యాను లాక్కుంది. ముందు నుంచి చూస్తే ఏమీ కనపడదు."

డిక్కీలో బాగుచేయించిన మందుకొట్టే పంపు ఉంది. దాన్ని కడిగి, కాలవ నీళ్ళు నింపి, ఇంజను వైపు నుంచి ముందుకు కొట్టించాడు. తడిసిన పత్తి ముద్దలు ముద్దలుగా ఊడి కింద పడింది. బుడే ఎక్కడ కొట్టాలో చెప్పాడేగానీ పంపు ముట్టుకోలేదు. మళ్ళీ ఇంజను ఆన్ చేశారు. పావుగంట చూశారు. ముల్లు సగం దగ్గర నిలబడి కదల్లేదు.

యలమందయ్య పొంగిపోయాడు. "అందుకేరా అందరూ నీ పేరే చెబుతారు. నీ చెయ్యి పడితే చాలు. నువ్వెటు పోవాలి?"

"ఒంగోలు, మాలిక్ షెడ్డుకి అనుకున్నా."

"ఎక్కు. ఇంకొల్లులో భోంచేసి నేనే దించుతా. మాలిక్ నాకూ తెలిసినవాడే. నీ చేతి సంగతి నేను చెబుతాగా వాడికి."

సుబ్బరావమ్మ కారు వెనక తలుపు తీసి, వచ్చేటప్పుడు తెచ్చుకున్న సంచీలో కొబ్బరినూనె సీసా కోసం వెతుకుతోంది. చీర కింద లేదు, పళ్ళ కింద లేదు. చివరికి తువ్వాలులో చుట్టి దొరికింది. "ఇదిగో సాయిబూ, చెయ్యి ఇటివ్వు" అంటూ వెనక్కి తిరిగింది.

బుడే పెదనందిపాడు వైపు నడుస్తున్నాడు. అప్పటికే చాలా దూరం పోయాడు. ఒంగోలు వైపు పోయే ఆటో ఒకటి ఎదురై, దగ్గరకొచ్చి హారన్ కొట్టి ఆగింది. అతను చెయ్యెత్తలేదు, ఆటో వెళ్ళిపోయింది.

"ఒరేయ్ బుడే, అటు కాదురా" అని యలమందయ్య రెండుసార్లు కేకేశాడు.

"పిలవకు" అంది సుబ్బరావమ్మ.

ఒక కాలి చెప్పు ఊడి రోడ్డు మీదే ఉండిపోయింది. బుడే ఆగకుండా నడిచిపోయాడు.