ప్రేక్షకుల్లో కూర్చునే కండక్టర్

మా ఇంట్లో దేవుడు వేడినీళ్ల సిలిండరు ఉండే అల్మారాలో, పై అర మీద ఉంటాడు. హామిల్టన్ చలికి ఇల్లు మొత్తమ్మీద వెచ్చగా ఉండే చోటు అదొక్కటే కనుక ఆయనకే ఇచ్చాం. ఇప్పుడే ఆ తలుపు తీసి, కుడిచెయ్యి సిలిండరు మీద ఆనించి, కాలుతున్నా తీయకుండా ప్రమాణం చేసి వచ్చాను: ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. కావాలంటే బొబ్బ చూపిస్తాను.

నేను కండక్టర్ని. పగలు పాలు పితికే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. సాయంత్రాలు మా ఊరి ఆర్కెస్ట్రా ముందు చిన్న పుల్ల పట్టుకుని నిలబడతాను. ఈ సంగతి చెబితే మా బంధువులు కాసేపు ఆలోచించి, “అయితే నువ్వేమీ వాయించవా?” అంటారు. వాయించను. ఆ వేదిక మీద చప్పుడు చేయని మనిషిని నేనొక్కడినే.

చిన్నప్పుడు కాకినాడలో నేలమీద బాసింపట్టు వేసుకుని వయొలిన్ నేర్చుకున్నాను. ఈ ఊరొచ్చిన కొత్తలో ఇక్కడి ఆర్కెస్ట్రాకు వయొలిన్ వాళ్లు తక్కువయ్యారంటే వెళ్లి చివరి కుర్చీలో కూర్చున్నాను. అప్పటి కండక్టర్ రిటైరైన స్కూలు మాస్టారు. తుంటి ఆపరేషనుకు వెళుతూ, “నేనొచ్చేదాకా ఎవరైనా చూసుకోండి” అన్నాడు. కివీలందరూ ఒక్కసారిగా తమ బూట్ల వైపు చూసుకున్నారు. నేను కొత్తవాణ్ణి, పైకి చూస్తూ దొరికిపోయాను. ఆయన తుంటి బాగుపడింది గానీ ఆయన మాత్రం తిరిగి రాలేదు. గోల్ఫ్ మరిగాడు.

మొదటిరోజు ఆర్కెస్ట్రా నా చేతిలో నిద్రపోయింది. మన తాళంలో చెయ్యి పాటతోపాటే పడుతుంది. ఇక్కడ చెయ్యి ముందు పడాలి, శబ్దం దాని వెనకాల రావాలి. నేను శబ్దం కోసం ఆగాను, వాళ్లు నా చెయ్యి కోసం ఆగారు. ఉల్లాసంగా పరిగెత్తాల్సిన నాట్యం శవయాత్రలా సాగింది. ఆ రోగం కుదరడానికి, ఊరి బయట రోడ్డు పక్కన కారాపి, కంచె ఇవతల నిలబడి చేతులూపడం సాధన చేసేవాణ్ణి. కొన్నాళ్లకు కంచె అవతల ఆవులు వరసగా వచ్చి నిలబడటం మొదలుపెట్టాయి. చెయ్యి ఎత్తితే తలలెత్తేవి, దించితే దించేవి. ఇంత క్రమశిక్షణ గల ఆర్కెస్ట్రా నాకు మళ్లీ దొరకలేదు. ఒకరోజు ఆ ఆవుల రైతు నాలుగు చక్రాల క్వాడ్‌బైక్ మీద వచ్చాడు.

“మేట్, గడ్డి తెచ్చావా?”

“లేదు. సంగీతం.”

“అయితే వాటికి ఆ మాట చెప్పి వెళ్లు. పొద్దుటినుంచి నీకోసమే చూస్తున్నాయి.”

ఇంట్లో మాత్రం ఈ కళకు మర్యాద తక్కువ. “ఏవండీ, ఎలాగూ ఊపుతున్నారు, ఆ దుప్పటి పట్టుకుని ఊపండి, దుమ్మైనా పోతుంది” అనేది మా ఆవిడ.

పాఠాలు చెప్పించుకున్నాను, పరీక్షలకు కూర్చున్నాను. చివరికి పెద్ద ఆర్కెస్ట్రా ఒకటి నన్ను కవర్ కండక్టర్‌గా తీసుకుంది. ఇది జీతగాళ్ల ఆర్కెస్ట్రా. ఊరూరా తిరిగి, బతికున్నవాళ్లు రాసిన కొత్త రచనలు వాయిస్తుంది. కవర్ కండక్టర్ పనేమిటంటే, పెద్ద కండక్టర్ చేయబోయే కచేరీ అంతా తనూ నేర్చుకోవాలి. రిహార్సల్లో హాలు మధ్యన కూర్చుని, బూరల హోరులో వయొలిన్లు వినిపిస్తున్నాయో లేదో చెప్పాలి. కచేరీ వేళ నల్లకోటు వేసుకుని ప్రేక్షకుల్లో సిద్ధంగా ఉండాలి. పెద్దాయన జబ్బుపడితే లేచి వెళ్లి చేయాలి. పడకపోతే చప్పట్లు కొట్టి ఇంటికి రావాలి.

నేను చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేవాణ్ణి. ఏళ్ల తరబడి. ఈ దేశంలో కండక్టర్లకు జలుబు కూడా చేయదు. వాయించేవాళ్లు టీకి వెళ్లాక ఖాళీ వేదిక ఎక్కి, కండక్టర్ నిలబడే పీట పక్కన నిలబడేవాణ్ణి. పీట మీద కాదు, పక్కన. లైట్ల వేడి ఇంకా ఉండేది. వయొలిన్ కమాన్లకు రాసే రోజనం వాసన వేసేది. నాకు పేరు అక్కర్లేదు. ఒక్క కచేరీ. ఎదురుగా ఇలాంటి ఆర్కెస్ట్రా, వెనకాల మనుషులు నిండిన చీకటి, మధ్యన నా చెయ్యి కిందికి దిగడం. అంతే కావాలనిపించేది.

“ఇన్నేళ్లలో ఒక్కరికీ జ్వరం రాలేదా?” అని అడిగింది మా ఆవిడ ఒకసారి.

“రాలేదు.”

“అయితే ఆ పెద్దాయన్ని భోజనానికి పిలవండి. మా గుంటూరు ఆవకాయ ఉంది.”

పిలిచాను. ఆయనా కివీయే, భయం లేని మనిషి. ముద్ద నోట్లో పెట్టుకోగానే మొహం టమాటా అయింది, కళ్లలోంచి ధారలు కారాయి. మా ఆవిడ నా వైపు ఆశగా చూసింది. ఆయన కళ్లు తుడుచుకుని, “ఇది కొంచెం సీసాలో పెట్టిస్తారా?” అన్నాడు. మర్నాడు రిహార్సల్‌కు గంతులేస్తూ వచ్చాడు. సైనస్ మొత్తం క్లియర్ అయిపోయిందట.

అలా ఉండగా డునెడిన్ కచేరీ వచ్చింది. మా అమ్మాయి అక్కడే పంటి డాక్టరు చదువుతోంది. టికెట్ కొనుక్కుని, నా పక్క సీటే తీసుకుంది. చివరి అంశం సరికొత్త రచన. రాసినావిడ బతికే ఉంది, హాల్లోనే ఉంది, కాబట్టి తప్పులు కప్పిపుచ్చే వీల్లేదు. దాని మధ్యలో ఒకచోట లెక్క మారుతుంది. ఏడుకు వెళ్లి, అయిదుకు వచ్చి, మళ్లీ ఏడుకు పోతుంది. కచేరీ రోజు పొద్దున రిహార్సల్లో బూరలవాళ్లు ప్రతిసారీ అక్కడే చెల్లాచెదురవుతున్నారు. హాల్లో కూర్చుని నేను తొడమీద తాళం వేసుకుంటున్నాను. గట్టిగానే వేశానేమో, పెద్దాయన వెనక్కి తిరిగాడు.

“ఎవరక్కడ కొట్టుకుంటున్నది?”

“నేనే. సారీ.”

“సారీ ఎందుకు? మా అందరిలో నువ్వొక్కడివే కరెక్టుగా ఉన్నావు. ఇలా రా.”

వెళ్లి పీట పక్కన నిలబడ్డాను.

“పైకెక్కు మేట్, అది కరవదు.”

వంగి పీటను తాకి కళ్లకద్దుకుని ఎక్కాను. నా నోట్లో ఉన్న లెక్క వాళ్ల నోట్లో పెట్టాను. ఏడుకు తకిట తకధిమి. అయిదుకు తక తకిట.

“ఇదేదో కర్రీ పేరులా ఉంది” అన్నాడు ట్రాంబోన్ వాయించే అతను.

“మింగు. అరుగుతుంది.”

అందరూ నవ్వి, అందరూ అన్నారు. తర్వాత వాయిద్యాలు ఎత్తారు. నా చెయ్యి పడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ శబ్దం చెక్కనేల కిందినుంచి లేచి నా మోకాళ్లలోకి వచ్చింది. ఏడు తిరిగి అయిదయింది, అయిదు తిరిగి ఏడయింది, ఒక్కరూ చెదరలేదు. నేను ఆపాల్సిన చోటు దాటిపోయి కూడా ఆపలేదు. వాళ్లూ ఆగలేదు.

రిహార్సల్ అయ్యాక పెద్దాయన కాగితాలు సర్దుకుంటూ అన్నాడు: “సాయంత్రం ఈ పీస్ నువ్వే చేస్తావా? నీ చేతిలోనే బాగుంది.”

ఆ ఒక్క మాట కోసం ఏళ్లు కూర్చున్నాను. నా నోరు ఏమందో వినండి.

“అయ్యో, లేదు లేదు. మీరుండగా నేనేమిటి? మీరే చేయాలి.”

“ఓకే. నో వరీస్” అని థర్మాస్ మూత బిగించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మనవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఎవరైనా ఇంకో గరిటె వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. వద్దని కాదు, మళ్లీ అడగమని. వేళ్ల సందుల్లోంచి వడ్డించే ఆడవాళ్ల మధ్య పెరిగిన చెయ్యి అది. ఈ దేశంలో చెయ్యి అడ్డం పెడితే గరిటె వెనక్కి పోతుంది. ఆ సంగతి ఇక్కడ ఆఫీసులో, పొరుగింట్లో, బార్బెక్యూల్లో ఎన్నోసార్లు ఆకలితో నేర్చుకున్నాను. అంత నేర్చుకున్నా, అసలు సమయానికి చెయ్యి దానంతట అదే అడ్డం వెళ్లింది.

టీ దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

“ఆ ఏడు దగ్గర కాస్త చూసుకోండి.”

“చూసుకుంటాను. థాంక్స్.”

“భుజం గట్రా నొప్పిగా లేదు కదా?”

“లేదే?”

“ఊరికే అడిగాను.”

మా ఆవిడకు ఫోన్ చేశాను.

“అడిగాడా! ఏమన్నారు మీరు?”

“వద్దన్నాను.”

“వెళ్లి చేస్తానని చెప్పండి” అంది.

“నేనే ఎలా చెబుతాను? బాగుంటుందా? మళ్లీ అడుగుతాడులే.”

“బతిమాలి పెట్టడానికి ఆయనేమైనా మీ మేనత్తా?”

కచేరీ మొదలైంది. నేనూ మా అమ్మాయీ అయిదో వరుసలో కూర్చున్నాం. విరామంలో జనం వైన్ గ్లాసులతో తిరుగుతుంటే, పెద్దాయన పక్క తలుపు తీసుకుని తిన్నగా మా వరుస దగ్గరకు వచ్చాడు.

“చూడు, పొద్దున నువ్వు వద్దన్నావు. నిజంగానే వద్దా? నాకైతే నువ్వు చేస్తేనే ఇష్టం.”

“మీరు అంతగా అంటే...” అన్నాను.

మా అమ్మాయి నా కోటు గుండీ సరిచేసింది. వేదిక ఎక్కాను. పీట తాకి కళ్లకద్దుకుంటే, ఏదో పడిపోయిందనుకుని ముందు వరుసలోని ముసలావిడ కూడా వంగి వెతికింది. చెయ్యి ఎత్తాను. నా వీపు వెనకాల అంత మంది ఊపిరి బిగబట్టడం మెడ మీద తెలిసింది. చెయ్యి దించాను. సంగీతం పరిగెత్తి వచ్చి నా అరచేతిలో వాలింది. ఏడు వచ్చింది, అయిదు వచ్చింది. ట్రాంబోన్ అతని పెదాలు తకిట తకధిమి అంటుండటం చూశాను. ఆ ఊరి సముద్రపు కొండల మీద ఉండే ఆల్బట్రాస్ పక్షులు హాలు కప్పు మీదికి వచ్చి, రెక్కలాడించకుండా లెక్క తప్పకుండా తిరిగాయని బయట నిలబడ్డవాళ్లు చెప్పారు. ఆఖరి స్వరం ఆగాక కూడా చెయ్యి దించలేదు. నేను దించేవరకూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎంతసేపు పట్టుకుని ఉన్నానో తెలియదు. దించాలనిపించలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఒట్టు వేశాను కదా.

ఆవులు నిజం. ఆవకాయ నిజం. నా చెయ్యి కింద ఆ ఆర్కెస్ట్రా ఒకసారి పలకడం నిజం, ఖాళీ హాల్లో. విరామంలో ఆయన రావడం మాత్రం నేను కల్పించింది. ఆ పక్క తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. వైన్ తాగేవాళ్లంతా సీట్లలోకి వచ్చేశారు, లైట్లు తగ్గాయి, ఆయన వేదిక మీదికే వచ్చాడు. ఏడు దగ్గర ఎవరూ చెదరలేదు. బాగా చేశాడు, ఆ మాట అనకపోతే అన్యాయం. నా కుడిచెయ్యి కోటు జేబులో కదులుతుంటే మా అమ్మాయి, “డాడీ, స్టాప్. పీపుల్ ఆర్ లుకింగ్” అని గొణిగింది.

తర్వాత కారు దాకా నడుస్తూ అడిగింది.

“హీ డిడ్‌న్ట్ ఆస్క్ యూ?”

“అడిగాడు. వద్దన్నాను.”

“వై?”

“మళ్లీ అడుగుతాడనుకున్నానమ్మా.”

“బట్ యూ సెడ్ నో.” తను ఎగతాళి చేయలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

ఆయన రెండోసారి అడిగే భాగాన్ని ఆ తర్వాత ఎన్నో విందుల్లో చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆయన ఇంకాస్త బతిమాలతాడు. మా అమ్మాయి ఉన్నచోట మాత్రం ఆ కథ ఎత్తను. ఒక్కసారి, మా ఇంట్లోనే, తను వంటింట్లోంచి రావడం చూసుకోకుండా మొదలుపెట్టేశాను. పెద్దాయన పక్క తలుపు తీసే చోట తను ఎదురుగా కనిపించేసరికి ఆగిపోయాను. వచ్చినవాళ్లంతా నా మొహం వైపు చూస్తున్నారు.

మా అమ్మాయి చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, తెలుగులో అడిగింది.

“తర్వాత ఏమైంది, నాన్నా?”